వయోజనులకు వ్యాయామం: దోహదాలూ, అవరోధాలూ

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన సామెత. సంపాదన లేకుండా ఖర్చు చేసేవాని ఆస్తి ఎంతటిదైనా నిలవదని హెచ్చరించడానికి పెద్దలు ఈ మాట అన్నారు. నేటి వైద్యులు దీనికి మరొక అర్థం చెప్పవలసి వస్తున్నది. కూర్చుని తినేవాని ఆస్తి మాట ఎలా ఉన్నా, అతని ఆరోగ్యం మాత్రం క్రమంగా కరిగిపోతున్నది. మధుమేహం, రక్తపోటు, హృద్రోగం ఒకప్పుడు సంపన్నుల వ్యాధులుగా పేరుపొందాయి. నేడు అవి పట్టణాల సందులలోకీ, పల్లెలలోకీ ప్రవేశించాయి. భారతీయ వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహంతో జీవిస్తున్నారు. మరి 13 కోట్ల 60 లక్షల మంది ఆ వ్యాధికి ముందుమెట్టు మీద ఉన్నారు. ఈ పరిస్థితికి ఆహారపు అలవాట్లు, వంశపారంపర్యం వంటి కారణాలు అనేకం ఉన్నాయి. వాటిలో మనుష్యుని చేతిలో ఉన్నట్లు కనిపించే కారణం ఒకటున్నది. అది దేహానికి తగిన కదలిక లేకపోవడం.

అయితే ఇది నిజంగా మనుష్యుని చేతిలోనే ఉన్నదా? రోజూ అరగంట నడవమని చెప్పడం సులభం. ఎక్కడ నడవాలి, ఎప్పుడు నడవాలి, ఎవరితో నడవాలి అన్న ప్రశ్నలకు అందరికీ ఒకే సమాధానం దొరకదు. వయోజనులను కదిలించే శక్తులేవి, కదలకుండా కట్టివేసే శక్తులేవి అన్న విషయాన్ని పరిశీలిస్తే, ఇది వ్యక్తి సంకల్పానికి మాత్రమే సంబంధించినది కాదనీ, ఇంటికీ వీధికీ నగరపాలనకూ కూడా సంబంధించినదనీ తేటతెల్లమవుతుంది.

ఎంత శ్రమ అవసరం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఈ విషయమై సూచనలు ప్రకటించింది. వాటి ప్రకారం వయోజనులు వారానికి 150 నుంచి 300 నిమిషాల వరకు మధ్యమస్థాయి శ్రమ చేయాలి. లేదా 75 నుంచి 150 నిమిషాల వరకు తీవ్రశ్రమ చేయాలి. వీటికి తోడు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలం చేకూర్చే పనులు చేయడం మంచిది. మధ్యమస్థాయి అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గమున్నది. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేని స్థితి వస్తే అది మధ్యమస్థాయి శ్రమ. నాలుగు మాటలు అనేసరికే ఆయాసం వస్తే అది తీవ్రశ్రమ. ఈ సమయాన్ని ఒకేసారి గడపనక్కరలేదు. పది నిమిషాలు ఇక్కడ, పావుగంట అక్కడ చేసినా లెక్కలోకి వస్తుంది. అసలు చేయనివారు కొద్దిగా చేసినా మేలే జరుగుతుంది.

శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని శాస్త్రీయంగా నిరూపించే ప్రయత్నాలలో తొలినాటిది లండన్ నగరపు బస్సులలో జరిగింది. జెర్రీ మోరిస్ అనే వైద్య పరిశోధకుడు రెండంతస్తుల బస్సులలో పనిచేసే డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూశాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్సు. డ్రైవరు రోజంతా సీటులోనే కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్లు ఇస్తూ రోజంతా మెట్లు ఎక్కి దిగుతూ ఉంటాడు. 1953లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తున్నదనీ, వచ్చినా తీవ్రత తక్కువనీ తేలింది. మోరిస్ అంతటితో ఆగలేదు. ఉద్యోగులకు కుట్టించి ఇచ్చిన యూనిఫారాల కొలతలు కూడా పరిశీలించాడు. డ్రైవర్ల నడుము కొలతలే ఎక్కువగా ఉన్నాయి. అంటే ఇద్దరి మధ్య తేడాకు మెట్లు ఒక్కటే కారణం కాకపోవచ్చునని కూడా ఆయన గుర్తించాడు. ఆ తరువాత అనేక దేశాలలో జరిగిన పరిశోధనలు మాత్రం దేహశ్రమ మేలుచేస్తుందన్న నిర్ణయాన్నే బలపరిచాయి.

మన దేశంలోనూ ఇందుకు ప్రమాణం లభించింది. మధుమేహానికి ముందుమెట్టు మీద ఉన్న 531 మందిని ఎన్నుకొని డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చెన్నైలో ఒక అధ్యయనం చేసింది. ఫలితాలు 2006లో వెలువడ్డాయి. సాధారణ సలహా మాత్రమే పొందినవారిలో మూడేళ్ళలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. ఆహారంలో మార్పు చేసుకొని, క్రమం తప్పకుండా నడక సాగించమని ప్రోత్సాహం పొందినవారిలో అది సుమారు 39 శాతానికి పరిమితమయింది. ఈ మేలు మందు బిళ్ళ ఏదీ లేకుండానే సాధ్యమయింది.

అంకెలు చెప్పే సంగతి

మేలు జరుగుతుందని తెలిసినా ఆచరణ మాత్రం వెనుకబడి ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన నిపుణులు 2024లో ప్రచురించిన అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలోని వయోజనులలో 31 శాతం మంది, అంటే సుమారు 180 కోట్ల మంది, తగినంత దేహశ్రమ చేయడం లేదు. దక్షిణాసియాలో ఇది సుమారు 45 శాతం. మన దేశంలో దాదాపు సగం. 2000 సంవత్సరంలో మన దేశపు అంకె 22 శాతమే కావడం గమనార్హం. పురుషులలో 42 శాతం మందికి తగిన కదలిక లేకపోగా, స్త్రీలలో అది 57 శాతానికి చేరింది.

వైద్య పరిశోధన మండలి సర్వే తొలిదశ వివరాలు 2014లో వెలువడ్డాయి. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్ రాష్ట్రాలలోనూ, చండీగఢ్‌లోనూ 14 వేల మందికి పైగా ప్రజలను ప్రశ్నించగా 54 శాతం మంది తగినంత శ్రమ లేనివారని తేలింది. పట్టణాలలో ఈ సంఖ్య 65 శాతం, పల్లెలలో 50 శాతం. తీరిక వేళలో ఆటకో, నడకకో, వ్యాయామానికో సమయం కేటాయించేవారు పదిశాతం కూడా లేరు. ఈ చివరి అంశం చాలా ముఖ్యమైనది. మన సమాజంలో దేహశ్రమ ఎప్పుడూ పనిలో భాగంగానే ఉన్నది. పని మారిన రోజున దానితోపాటు శ్రమ కూడా జారిపోయింది. దాని స్థానంలోకి వేరొకటి రాలేదు.

ఇంటినుంచీ పొలంనుంచీ తప్పుకున్న శ్రమ

యాభై, అరవై ఏళ్ళ క్రిందటి పల్లె దినచర్యను తలచుకుంటే ఈ మార్పు బోధపడుతుంది. తెల్లవారకముందే తిరగలి చప్పుడు వినిపించేది. వడ్లు రోకటితో దంచేవారు. నీళ్ళు బావినుంచి చేది మోసుకొని వచ్చేవారు. పొలానికి ఏతంతోనో, కపిలతోనో నీరు పెట్టేవారు. పక్క ఊరికి కాలినడకన వెళ్ళేవారు. పిండిమర, మిల్లు, కుళాయి, మోటారు పంపు, మిక్సీ, ట్రాక్టరు, మోటారు సైకిలు ఒక్కొక్కటే వచ్చి ఆ శ్రమను తొలగించాయి.

ఈ మార్పును శోచనీయమని అనడం న్యాయం కాదు. రోజూ మైళ్ళ దూరం నీళ్ళు మోసిన స్త్రీకి కుళాయి ఒక విముక్తి. ఎండలో ఏతం తొక్కిన రైతుకు మోటారు ఒక వరం. నేటికీ ఇటుకలు మోసే కూలీకీ, నాట్లు వేసే స్త్రీకీ, రిక్షా తొక్కే మనిషికీ వ్యాయామం చేయమని సలహా ఇవ్వడం పరిహాసమవుతుంది. వారికి కావలసినవి విశ్రాంతి, పౌష్టికాహారం, న్యాయమైన కూలి. విశ్రాంతి లేని బరువుపనీ, ఇష్టపడి చేసే నడకా దేహానికి ఒకే ఫలితాన్ని ఇవ్వవు. అందుచేత మన సమస్య రెండు ముఖాలు కలది. కొందరికి శ్రమ మితిమీరినది. మరికొందరికి శ్రమే కరువైనది. కొలత లేని ఈ పంపకాన్ని సరిదిద్దడమే అసలు కర్తవ్యం.

తీరిక ఎవరికున్నది?

వ్యాయామం ఎందుకు చేయడం లేదని అడిగితే తీరిక లేదన్న సమాధానమే తరచుగా వినవస్తుంది. పురుషుల విషయంలో ఇది కొంతవరకు సాకు కావచ్చు. స్త్రీల విషయంలో మాత్రం అంకెలే సాక్ష్యమిస్తున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు అందులో గడుపుతున్నారు. ఆ పనిలో పాల్గొనే పురుషులు గడిపేది 97 నిమిషాలే. 2024 సర్వేలో ఈ అంకెలు 289గా, 88గా నమోదయ్యాయి. అయిదేళ్ళలో ఇద్దరి మధ్య అంతరం దాదాపు చెక్కుచెదరలేదు.

ఇంటిపని అంతా శ్రమే కదా, వేరే వ్యాయామం ఎందుకని కొందరు ప్రశ్నిస్తారు. ఇంటిపనిని కూడా సర్వేలు లెక్కలోకి తీసుకుంటాయి. బట్టలు ఉతకడం, నీళ్ళు మోయడం, నేల తుడవడం వంటివి మధ్యమస్థాయికి చేరవచ్చు. కాని పొయ్యి దగ్గర నిలబడడం, కూరలు తరగడం, పిల్లలను కనిపెట్టుకొని ఉండడం మనిషిని అలసటకు గురిచేస్తాయి గాని గుండెకు తగిన పని కల్పించవు. అలసట వేరు, వ్యాయామం వేరు. రాత్రికి ఒళ్ళు హూనమయినా దేహానికి కావలసిన కదలిక లభించని స్థితి అనేకమంది గృహిణులది.

దీనికి తోడు సామాజిక దృష్టి ఒకటున్నది. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవని మన భాషలో ఒక సామెత ఉన్నది. తిరిగే కాలు పురుషునిదైతే లోకజ్ఞానమనీ, స్త్రీదైతే చాపల్యమనీ తరతరాలుగా భావించారు. పని లేకుండా వీధిలో నడిచే స్త్రీని ఇరుగుపొరుగు ఎక్కడికి అని అడుగుతారు. కూరగాయలకు అంటే ఊరుకుంటారు, నడకకు అంటే నవ్వుతారు. తెల్లవారుజామునా, సాయంసంధ్య దాటిన తరువాతా వీధి దీపాలు లేకపోవడం, ఆకతాయిల వేధింపు, మరుగుదొడ్ల కొరత, వీధికుక్కల భయం కూడా కలిసి ఆమెను గడపలోపలే నిలుపుతున్నాయి. అందుచేత స్త్రీల విషయంలో వీధి దీపం కూడా ఒక ఆరోగ్య సాధనమే అని చెప్పవలసి ఉన్నది.

దారి ఉంటేనే నడక

2011 జనాభా లెక్కలు తొలిసారిగా వ్యవసాయేతర కార్మికులు పనికి వెళ్ళే తీరును నమోదు చేశాయి. అటువంటి 20 కోట్ల మందిలో సుమారు 23 శాతం మంది కాలినడకన, 13 శాతం మంది సైకిలు మీద వెళుతున్నారని తేలింది. మూడింట ఒకరికి పైగా తమ కాళ్ళ మీదనే ఆధారపడుతున్నారన్నమాట. అయినా మన నగరాల రోడ్లు మోటారు వాహనాన్ని ఉద్దేశించి నిర్మితమవుతున్నాయి. పాదచారి అందులో అతిథి కూడా కాదు, ఆక్రమణదారు వలె కనిపిస్తాడు.

కేంద్ర ప్రభుత్వం 2006లో ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం ఈ దృష్టిని మార్చడానికి ప్రయత్నించింది. కదలవలసినది వాహనాలు కాదు, మనుషులు అన్నది దాని మూలసూత్రం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించిన ప్రమాణాలు ఫుట్‌పాత్ మీద అడ్డంకులు లేని 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని నిర్దేశించాయి. కాగితం మీద ఉన్న ఈ వెడల్పు వీధిలో ఎంత మిగిలిందో ఏ పట్టణవాసికయినా విదితమే. ట్రాన్స్‌ఫార్మరు, విరిగిన పలక, నిలిపి ఉంచిన స్కూటరు, మూతలేని మురుగుకాలువ పాదచారిని రోడ్డు మధ్యకు నెడుతున్నాయి. ఇక్కడ చిరువ్యాపారులను మాత్రమే నిందించడం తగదు. తోపుడుబండి ఉన్న వీధిలో రాత్రి పొద్దుపోయేవరకు మనుష్య సంచారం ఉంటుంది. ఆ సంచారమే ఒంటరిగా నడిచేవారికి ధైర్యం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కోరినట్లు వారికి నియమిత స్థలాలు చూపితే నడకా, బతుకూ రెండూ నిలుస్తాయి.

ఆశ కలిగించే ప్రయత్నాలు లేకపోలేదు. చెన్నై నగరపాలక సంస్థ 2014లో నడకకూ సైకిలుకూ ప్రాధాన్యమిచ్చే విధానాన్ని ఆమోదించింది. 2019లో ఆ నగరంలోని పాండీ బజారు వీధిని విశాలమైన నడకదారులతో పునర్నిర్మించారు. గురుగ్రామ్‌లో 2013 నవంబరులో ఆదివారం ఉదయం కొన్ని వీధులను వాహనాలకు మూసి, ఆటలకూ నడకకూ విడిచిపెట్టే కార్యక్రమం ప్రారంభమై ఇతర నగరాలకు వ్యాపించింది. విశాఖపట్నం బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలను నిలిపివేసే ఏర్పాటు వల్ల సముద్రతీరం వెంట వందలాదిమంది నిర్భయంగా నడుస్తారు. పొరుగు దేశమైన భూటాన్ 2012లో వారానికొక రోజు పట్టణ కేంద్రాలలో వాహనాలను ఆపి పాదచారుల దినం పాటించింది. వ్యాపారులకూ, ప్రయాణికులకూ కలిగిన ఇబ్బంది వల్ల తరువాత దానిని తగ్గించవలసి వచ్చింది. మంచి ఆలోచన అయినా ప్రజల దైనందిన అవసరాలతో పొత్తు కుదిరితేనే నిలుస్తుందనడానికి ఇది నిదర్శనం.

ఎండ, గాలి

మన దేశానికి తగిన సలహా మన వాతావరణాన్ని గుర్తించాలి. వేసవిలో విజయవాడలోనో, నాగపూరులోనో పగలు నడవమని చెప్పడం ప్రమాదకరం. శీతకాలంలో ఢిల్లీ, లాహోరు వంటి నగరాలలో ఉదయపు గాలి పొగతో నిండి ఉంటుంది. ఎండకాలంలో సూర్యోదయానికి ముందు, పొగమంచు రోజులలో ఇంటిలోపల వ్యాయామం చేయడం శ్రేయస్కరం. చెట్ల నీడ ఉన్న వీధిలో పగటిపూట కూడా మనుషులు నడుస్తారు. రోడ్డు వెడల్పు కోసం నరికిన ప్రతి వేపచెట్టూ, ప్రతి రావిచెట్టూ కొందరి నడకను కూడా తనతో తీసుకుపోతుందని ఇంజనీర్లు గుర్తించాలి. కొన్ని ఊళ్ళలో ఉద్యానవనాలను మధ్యాహ్నం మూసివేస్తారు. ఆ వేళలోనే తీరిక దొరికే గృహిణులకూ, రాత్రి డ్యూటీ చేసేవారికీ ఆ తోట ఉన్నా లేనట్లే.

రెండు పేటల కథ

ఒక చోటు మనిషి అలవాటును ఎలా మార్చగలదో చెన్నైలో జరిగిన ఒక అధ్యయనం స్పష్టం చేస్తున్నది. డాక్టర్ వి. మోహన్ బృందం గత శతాబ్ది చివరి సంవత్సరాలలో ఆ నగరంలోని రెండు పేటలను పరిశీలించింది. ఒకటి మధ్యతరగతివారిది, మరొకటి అల్పాదాయవర్గాలది. మొదటి పేటలో 12.4 శాతం మందికి, రెండవ పేటలో 6.5 శాతం మందికి మధుమేహం ఉన్నది. మధ్యతరగతి పేటలో వైద్యులు ఉపన్యాసాలతో, ప్రదర్శనలతో ప్రజలకు విషయం తెలియజెప్పారు. నడక అవసరమని అందరూ ఒప్పుకున్నారు. అయితే నడవడానికి చోటెక్కడ అన్న ప్రశ్న ఎదురయింది. అప్పుడు ఆ పేటవాసులు ప్రభుత్వం కోసం ఎదురుచూడక, తమలో తాము చందాలు వేసుకొని ఒక పార్కును నిర్మించుకున్నారు. అంతకు ముందు వారంలో మూడుసార్లకు పైగా వ్యాయామం చేసేవారు సుమారు 14 శాతం కాగా, తరువాత ఆ సంఖ్య దాదాపు 59 శాతానికి పెరిగింది. ఉపన్యాసం అవసరాన్ని తెలిపింది. దానిని ఆచరణలోకి తెచ్చినది పార్కు.

కథ ఇక్కడితో ముగిస్తే సంతోషకరంగానే ఉండేది. పదేళ్ళ తరువాత అదే బృందం రెండు పేటలనూ మళ్ళీ పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించింది. మధ్యతరగతి పేటలో మధుమేహం 12.4 నుంచి 15.4 శాతానికి మాత్రమే పెరిగింది. అల్పాదాయ పేటలో అది 6.5 నుంచి 15.3 శాతానికి, అంటే రెట్టింపుకు మించి పెరిగింది. ఒకప్పుడు పేదవానికి రక్షణగా ఉన్న కాయకష్టం తగ్గిపోయింది. దాని స్థానంలో పార్కూ రాలేదు, తీరికా రాలేదు. ఈ తేడాకు పార్కు ఒక్కటే కారణమని అనడం తొందరపాటు అవుతుంది. ఆహారం, వైద్యసౌకర్యం, విద్య కూడా ఇందులో పాలుపంచుకున్నాయి. కాని చందాలు వేసుకోగల పేట తన పార్కును తాను కట్టుకోగలదు. చందా ఇవ్వలేని పేటకు పార్కు కట్టవలసిన బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతున్నది. వ్యాధి వర్గభేదం పాటించడం మానివేసింది. నివారణ సాధనాలు ఇంకా పాటిస్తూనే ఉన్నాయి.

పుదుక్కోట్టై స్త్రీల సైకిళ్ళు

సంకల్పమూ సౌకర్యమూ కలిసివచ్చినప్పుడు ఏమి జరుగుతుందో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా చూపించింది. 1990 దశకం ప్రారంభంలో అక్కడ అరివొళి ఇయక్కం పేర అక్షరాస్యతా ఉద్యమం సాగింది. నాటి జిల్లా కలెక్టరు షీలా రాణి చుంకత్ అక్షరాలతోపాటు సైకిలు తొక్కడాన్ని కూడా ఆ ఉద్యమంలో భాగం చేశారు. వ్యవసాయ కూలీలు, రాతి క్వారీలలో పనిచేసేవారు, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు సైకిలు నేర్చుకున్నారు. లక్షకు పైగా గ్రామీణ స్త్రీలు ఇందులో పాల్గొన్నారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. ఆడవారి సైకిళ్ళు చాలక, మగవారి సైకిళ్ళనే కొనుక్కొని తొక్కినవారు అనేకులు. తొలిరోజులలో ఎగతాళి మాటలు ఎదురయ్యాయి. పదిమంది కలిసి తొక్కేసరికి ఆ మాటలు సన్నగిల్లాయి.

ఆ స్త్రీలు ఆరోగ్యం కోసం సైకిలు ఎక్కలేదు. బస్సు కోసం కాచుకొని కూర్చునే అవసరం తప్పించుకోవడానికి, నీళ్ళు తెచ్చుకోవడానికి, పిల్లలను దింపడానికి, సంతకు వెళ్ళడానికి ఎక్కారు. దేహశ్రమ వారికి ఉచితంగా లభించింది. వ్యాయామాన్ని బరువైన విధిగా మీద వేసిన చోట అది నిలవదు. జీవితానికి ఉపయోగపడే పనితో, స్వేచ్ఛతో ముడిపడిన చోట చెప్పకుండానే నిలుస్తుంది. పనికి బస్సులో, రైలులో వెళ్ళేవారు స్టాపు వరకు నడవడం, నాలుగంతస్తుల కార్యాలయంలో మెట్లు ఎక్కడం కూడా ఇటువంటివే. అందుచేత మంచి బస్సు సదుపాయం కూడా పరోక్షంగా ఆరోగ్య పథకమే అవుతుంది.

వారసత్వ సంపద

కదలికకు సంబంధించిన వారసత్వం మన దేశంలో కరువు కాదు. తెలుగునాట సాముగరిడీలు, తాలింఖానాలు ఒకప్పుడు పట్టణాలలో వెలిశాయి. కోడి రామమూర్తి నాయుడు బలప్రదర్శనలతో దేశదేశాల కీర్తి గడించారు. అమరావతిలోని హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి 1914 నుంచి పనిచేస్తున్నది. లోనావ్లాలో స్వామి కువలయానంద 1924లో స్థాపించిన కైవల్యధామ యోగాన్ని శాస్త్రపరీక్షకు నిలిపింది. మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి సూర్యనమస్కారాలకు విస్తృత ప్రచారం కల్పించారు. ఐక్యరాజ్యసమితి తీర్మానం ఫలితంగా 2015 నుంచి జూన్ 21 అంతర్జాతీయ యోగా దినోత్సవంగా జరుగుతున్నది. హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ జన్మదినమైన ఆగస్టు 29న, 2019లో ఫిట్ ఇండియా ఉద్యమం ఆరంభమయింది.

ఈ సంపదలో మరొక భాగం పండుగలలో దాగి ఉన్నది. తెలంగాణ బతుకమ్మ, ఆంధ్ర పల్లెల కోలాటం, చెక్కభజన, గుజరాత్ గర్బా, పంజాబ్ భాంగ్రా, అస్సాం బిహు నృత్యం అన్నీ గంటలకొద్దీ సాగే సామూహిక శ్రమలే. ఎవరూ వాటిని వ్యాయామమనుకోరు. వయసు మళ్ళినవారు కూడా సిగ్గుపడక కాలు కదుపుతారు. సంవత్సరంలో కొద్దిరోజులు మాత్రమే లభించే ఆ అనుమతి మిగిలిన రోజులకు విస్తరించకపోవడమే లోపం. పెద్దవారికి ఆటలేమిటన్న భావన బడి చదువు ముగిసిన నాటినుంచే బలపడుతుంది. కబడ్డీ ఆడిన కుర్రవాడు ఉద్యోగంలో చేరగానే ప్రేక్షకుడవుతాడు. అతని చెల్లెలు అంతకు ఎంతో ముందే ఆట మానివేస్తుంది. పాఠశాల, కళాశాల గ్రౌండ్లను ఉదయం సాయంత్రం వేళలలో చుట్టుపక్కల పెద్దలకు తెరిచి ఉంచితే కొత్త ఖర్చు లేకుండానే ఎన్నో ఊళ్ళకు వ్యాయామశాలలు లభిస్తాయి.

తోడు, నమ్మకం, అందుబాటు

మనిషిని కదలికకు పురికొల్పే వాటిలో తోడు చాలా ముఖ్యమైనది. ఒంటరిగా బయలుదేరినవాడు చినుకు పడితే ఆగిపోతాడు. వీధి చివర మిత్రుడు కాచుకొని ఉన్నాడంటే గొడుగు పట్టుకొని వెళతాడు. ఢాకాలోని రమ్నా ఉద్యానంలో, లాహోరులోని బాగ్-ఎ-జిన్నాలో, కొలంబోలోని విహారమహాదేవి ఉద్యానంలో, ఢిల్లీలోని లోదీ తోటలో, హైదరాబాదులోని కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానంలో ఉదయం కనిపించే దృశ్యం ఒకటే. భాషలు వేరు, పలకరింపులు వేరు, నడక మాత్రం ఒకటి. ఈ నడక స్నేహాలు మతాన్నీ, హోదానూ అంతగా లెక్కచేయవు.

వైద్యుని మాటకు కూడా విలువ ఎక్కువ. మందుల చీటీ మీద రోజుకెంతసేపు నడవాలో రాసి, తరువాతి సారి వచ్చినప్పుడు ఆ సంగతి అడిగే వైద్యుని సలహా నిలుస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవారు కదలకూడదన్న అపోహ కూడా తొలగవలసి ఉన్నది. తగిన మోతాదులో చేసే వ్యాయామం కీళ్ళ చుట్టూ ఉన్న కండరాలను బలపరచి నొప్పిని తగ్గిస్తుంది. గుండెజబ్బు, ఇతర దీర్ఘవ్యాధులు ఉన్నవారు వైద్యుని సంప్రదించి నెమ్మదిగా ప్రారంభించడం క్షేమం. వృద్ధులకు శరీరాన్ని నిలకడగా ఉంచే అభ్యాసాలు పడిపోయే ప్రమాదాన్ని తగ్గిస్తాయి. వారికి దారిలో కూర్చునే బెంచీ ఒకటి ఉంటే నడక దూరం పెరుగుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రజాస్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని నిర్దేశిస్తున్నది. చక్రాల కుర్చీ వెళ్ళగల దారి ముసలివారికీ, పసిపిల్లల తల్లులకూ కూడా సుగమమైన దారి.

ముగింపు

పై విషయాలను సమీక్షిస్తే వయోజనుల నిశ్చలత్వానికి బద్ధకమొక్కటే కారణం కాదని స్పష్టమవుతున్నది. వ్యక్తి చేయగలిగినది కొంత ఉన్నది. మెట్లు ఎక్కడం, దగ్గరి పనులకు కాలినడకన వెళ్ళడం, గంటలకొద్దీ కూర్చోకుండా మధ్యమధ్య లేవడం అతని చేతిలోనివే. కుటుంబం చేయవలసినది మరికొంత ఉన్నది. ఇంటిపనిలో పురుషుడు ఒక గంట పాలు తీసుకుంటే స్త్రీకి ఆ గంట తన ఆరోగ్యం కోసం మిగులుతుంది, అతనికీ కొంత కదలిక లభిస్తుంది. పంచాయతీ, పురపాలక సంఘం చేయవలసినది అంతకంటె పెద్దది. దీపమున్న వీధి, నీడనిచ్చే చెట్టు, పగలని ఫుట్‌పాత్, పేదల పేటకు అందే తోట వారి కర్తవ్యం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రకటించిన కార్యాచరణ ప్రణాళిక 2030 నాటికి నిశ్చలత్వాన్ని 15 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నది. ఆ లక్ష్యం ఢిల్లీలోనో, జెనీవాలోనో నెరవేరదు. ఊరి బడి గ్రౌండు గేటు సాయంత్రం తెరిచి ఉన్నదా, వీధి దీపం వెలుగుతున్నదా, నడకకు బయలుదేరిన స్త్రీని ఎక్కడికని ఎవరూ అడగకుండా ఉన్నారా అన్న చిన్న విషయాల మీదనే అది ఆధారపడి ఉన్నది.